పురుగు సరే, కట్టె ఏది?

మాది నర్సీపట్నం దగ్గర ఒక పల్లె. ఊరికి ఒకవైపు మామిడి, జీడిమామిడి తోటలు, రెండోవైపు చింతపల్లి రోడ్డు ఎక్కిపోయే కొండలు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాన్న వడ్రంగి. చూపు మందగించాక ఆయన బాడిశ, చిత్రిక అటకెక్కాయి గానీ నోరు మాత్రం ఇప్పటికీ కొలతలు చెబుతూనే ఉంటుంది. కర్రను తొలిచే పెంకు పురుగులు మా చుట్టుపక్కల ఎన్ని రకాలున్నాయో ఏడాదిపాటు నమోదు చేద్దామని 2024 వేసవిలో మొదలుపెట్టాను. ఇవి అప్పటి నోటు పుస్తకంలోని కొన్ని రోజులు. నా చేతిరాత నాకే అర్థం కాని చోట గుర్తున్నంతవరకు పూరించాను. తెలివితక్కువ పనులు చేసిన రోజుల్ని తీసేయలేదు.

ఏప్రిల్ 21, 2024

ముందు హద్దులు గీసుకోవాలి. కర్ర తొలిచే పురుగులన్నీ ఒక్క కుటుంబానివి కావు. సాధారణంగా ఒంటికంటే పొడవైన మీసాలుండే సెరాంబిసిడే, లోహంలా మెరిసే బుప్రెస్టిడే, తల మెడ కిందికి దాచుకుని మొద్దుగా కనిపించే బోస్ట్రికిడే, ఆవగింజంత బెరడు పురుగులు. ఈ చివరివి నిజానికి ముక్కు పురుగుల వంశం. ఎక్కడెక్కడి వంశాలో వచ్చి ఒకే వృత్తిలో స్థిరపడ్డాయి. వృత్తి చాలావరకు పిల్ల పురుగుదే. రెక్కలొచ్చిన పురుగు బయట కొన్ని వారాలు తిరిగి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు చీకట్లో కర్ర నమిలేది పిల్ల పురుగే.

మన దేశంలో పొడవు మీసాల పురుగులే సుమారు 1,500 రకాలు నమోదయ్యాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన గాహన్ 1906లో వీటి మీద ఒక సంపుటం వెలువరించాడు. ఇప్పటికీ చాలావాటికి పేరు తేల్చాలంటే చివరికి దాని దగ్గరికే వెళ్లాలి. అయితే ఆ కాలపు నమూనాల్లో చాలావాటికి చిరునామా 'మద్రాసు' అనో 'దక్షిణ భారతం' అనో ఉంటుంది. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా. మా ఊరూ అందులోదే. 'ఎక్కడ దొరికింది' అని అడిగితే 'భూమ్మీద' అన్నట్టుంది.

రిజర్వు అడవిలోకి వెళ్లను. అనుమతి లేకుండా అక్కడ పుల్ల విరిచినా నేరమే, పురుగు పట్టినా నేరమే. కాబట్టి పట్టా భూములు, తోటలు, ఇళ్ల పెరళ్లు, కట్టెల మోపులు, కలప అడితి. ఇవి చాలు. తోటల వాళ్లను అడిగి ఒప్పించుకున్నాను. అందరూ ఒకటే అడిగారు, "మాస్టారూ, మందు చెబుతారా?" అని.

మే 8, అమావాస్య

మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, 160 వాట్ల మెర్క్యురీ బల్బు వెలిగించాను. రాత్రి 7 నుంచి 11 దాకా కూర్చున్నాను. వచ్చినవి: ఉసుళ్లు, పచ్చ దోమ, రెండు కొమ్ము పురుగులు, పక్కింటి పిల్లలు ఆరుగురు. కర్ర తొలిచేది ఒక్కటీ లేదు. వాన పడితే గానీ పెద్దవి బయటికి రావని చదివాను. చదివినా మనసు ఊరుకోదు కదా.

జూన్ 6, అమావాస్య

నిన్న సాయంత్రం గంటసేపు దంచికొట్టింది. ఇవాళ దుప్పటి నల్లబడింది.

ఎనిమిదిన్నరకు ఏదో దబ్బున పడింది. బూడిద రంగు, చూపుడు వేలంత పొడవు, మెడ మీద రెండు నారింజ మచ్చలు. బాటోసెరా రుఫోమాక్యులేటా, మామిడి రైతుల పాత శత్రువు. చేత్తో పట్టుకోగానే కీచుమంది. వీటికి గొంతు లేదు. మెడ పలకను దాని కిందనున్న గరుకు గీతల మీద రుద్ది ఆ చప్పుడు చేస్తాయి. పిల్లలు పది అడుగులు వెనక్కి దూకారు. తొమ్మిదిన్నరకు దాన్ని మరిపించేది వచ్చింది. అకాంతోఫోరస్ ప్రజాతి (దగ్గరి జాతులన్నిటికీ ఇంటిపేరు లాంటిది), నా అరచేతిని దాటిన పొడవు, మెడ అంచున రంపపు పళ్లు, ముందు కత్తెరలాంటి దవడలు. నా బంతి పెన్ను మూతకు గాట్లు పెట్టింది. ఆ మూత దాచాను.

పదకొండింటికి లెక్కపెడితే పొడవు మీసాలవే 7 రకాలు. సంతోషంతో నిద్ర పట్టలేదు.

జూన్ 7

సంతోషం పొద్దున కాఫీ దాకా నిలిచింది. చీటీలు రాయడానికి కూర్చున్నాను. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పట్టినవారు, ఎలా పట్టారు. 'ఏ కర్రలోంచి' అన్న గడి దగ్గర ఆగిపోయాను. ఏడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. దీపం పురుగుల్ని పిలుస్తుంది గానీ వాటి ఇల్లు చూపించదు. అర కిలోమీటరు అవతలి మర్రి చెట్టులోంచి వచ్చిందో, మా వీధి చివర ఎండిన మునగ మొద్దులోంచి వచ్చిందో.

ఇది చిన్న గడి కాదు. టెర్రీ ఎర్విన్ అనే శాస్త్రవేత్త పనామా అడవిలో ఒకే జాతి చెట్లు 19 ఎంచుకుని, కొమ్మల్లోకి పొగ మందు పంపి, రాలిన పెంకు పురుగుల్ని లెక్కపెట్టాడు. దాదాపు 1,200 రకాలు తేలాయి. అందులో 163 రకాలు ఆ ఒక్క జాతి చెట్టుకే పరిమితమని అంచనా వేసి, ఉష్ణమండలంలో ఉన్న చెట్ల జాతులతో హెచ్చవేసి, మిగతా కీటకాల వాటా కూడా కలుపుకుని, ప్రపంచంలో 3 కోట్ల రకాల కీటకాది జీవులు ఉండవచ్చని 1982లో అన్నాడు. తర్వాతి వాళ్లు ఆ అంకెను బాగా తగ్గించారు. తగాదా అంతా ఆ 163 దగ్గరే. ఒక పురుగు ఒక చెట్టునే నమ్ముకుంటుందా, దొరికిన చెట్టునల్లా తింటుందా? అది తెలియకపోతే ఎంత లెక్కపెట్టినా గాలిలో లెక్కే.

దీపం పని వారానికి ఒక్క రాత్రికి తగ్గించాను. కట్టెల్ని ఇంటికి తెచ్చి పురుగుల్ని పొదిగించాలి.

జూన్ 16

రంగుల షాపులో ఖాళీ అయిన 20 లీటర్ల బకెట్లు 11 తెచ్చాను. ఒక్కోదానికి పక్కన అంగుళం రంధ్రం, అందులో పారదర్శకమైన నీళ్ల సీసా మూతి దూర్చి జిగురు పెట్టాను. బకెట్లో కట్టెలు వేసి మూత బిగిస్తే లోపలంతా చీకటి. కర్రలోంచి బయటపడ్డ పురుగు వెలుతురు కోసం సీసాలోకి వస్తుంది. మూతకు సన్న జల్లెడ గుడ్డ అంటించాను, గాలి ఆడాలని.

కట్టెలు మా వీధికి మోపు తెచ్చే పెద్దమ్మ దగ్గర కొన్నాను. మోపులో ఏవేం కర్రలున్నాయని అడిగితే, "మామిడే మాస్టారూ, అంతా మామిడే" అంది. బకెట్ 1 నుంచి 6 దాకా 'మామిడి' అని రాశాను. నాన్న అరుగు మీంచి చూస్తున్నారు గానీ ఏమీ అనలేదు. అనకపోతేనే నేను భయపడాలి.

జూన్ 30

నాన్న ఇవాళ అన్నారు. బకెట్ 3లోంచి ఒక కట్టె తీయమని, గోరుతో గీరి, వాసన చూసి, "ఇది మామిడి అని ఎవరన్నారు? తుమ్మ. మామిడికి ఇంత బరువుంటుందా?" అన్నారు. బకెట్ 5లో సగం సుబాబుల్. బకెట్ 2లో మామిడీ ఉంది, ఇంకేదో కూడా ఉంది. రెండు వారాల చీటీలు చించేశాను.

పెద్దమ్మను అడిగితే తప్పు నాదేనంది. "పొయ్యిలోకి అనుకున్నాను గానీ పుస్తకంలోకి అని చెప్పారా?" సరైన మాటే. వంటచెరకు అమ్మేటప్పుడు ఏ కట్టె అయినా మామిడే. తర్వాత కూర్చోబెట్టి అడిగితే ఆవిడకు తెలియని కట్టె లేదు. ఆమె లెక్క మంట లెక్క. తుమ్మ నిప్పు నిలుస్తుంది, మునగ అసలు అంటుకోదు, గుంపెన పొగే తప్ప సెగ ఇవ్వదు. నాన్న లెక్క చిత్రిక లెక్క. చేవ రంగు, పొట్టు వాసన, మేకు దిగే తీరు. ఇద్దరి మధ్య నా వృక్షశాస్త్రం ఆకులూ పూలూ లేనిచోట పనికిరాకుండా పోయింది. ఎండిన కట్టెకు ఆకులూ పూలూ ఎక్కడివి?

ఇకమీదట నియమం: చెట్టు నిలబడి ఉండగా నేను చూసిన కొమ్మే బకెట్లోకి. మోపు కట్టె అయితే ఇద్దరూ ఒకే పేరు చెప్పాలి. చెప్పకపోతే చీటీ మీద 'తెలియని కట్టె'.

జూలై 9

ముసురు. బకెట్ 1, 4 బూజు పట్టాయి. బకెట్ 7 సీసాలో దొరికిన నాలుగు పురుగుల్ని చీమలు తిని రెక్కలు మిగిల్చాయి. బకెట్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాను, మా ఆవిడ పచ్చళ్ల జాడీలకు పెట్టినట్టే. ఆవిడ చూసి, "ఫ్రిజ్‌లో వడియాల డబ్బా పక్కన మీ డబ్బా ఉంది, దాని మీద పేరు రాయండి" అని మాత్రం అంది. పురుగుల్ని చల్లదనంతో చంపడం ఇంట్లో దొరికే అన్ని పద్ధతుల్లోకీ శుభ్రమైనది. ఇంట్లో వాళ్లకు అలా అనిపించనక్కర్లేదు.

జూలై 14

బకెట్ 5, సుబాబుల్. సీసా నిండా నల్లటి చిన్న పురుగులు, ఒక్కోటి అరసెంటీమీటరు. సైనాక్సిలాన్ ప్రజాతి. వెనుక భాగం కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది, ఆ కోత మీద రెండు ముళ్లు. కట్టెను తడితే పౌడరు డబ్బా తట్టినట్టు పొడి. నాలుగు వారాల కిందట గట్టిగా ఉన్న కట్టె ఇప్పుడు చేత్తో విరుగుతోంది. రెండు పురుగులు సీసా గోడనే కొరకడం మొదలుపెట్టాయి. ఆశ్చర్యమేమీ లేదు, వీటి బంధువులు పూర్వం సీసపు తొడుగున్న టెలిఫోన్ కేబుళ్లను తొలిచిన చరిత్ర ఉంది. 212 లెక్కపెట్టి ఆపాను. ఒకే రకం. 212 పురుగులు కలిసి జాబితాలో ఒక్క వరుస.

పక్కనున్న బకెట్ 6లో, అది రూఢిగా మామిడి, ఇంతవరకు ఏమీ లేదు.

జూలై 20

ఎనిమిదో తరగతి పిల్లాడు అగ్గిపెట్టెలో మెరిసే పచ్చ పురుగును తెచ్చాడు. తుమ్మ ఆకు మీద దొరికిందట. స్టెర్నోసెరా. దీని పెంకుల్ని 19వ శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదుల్లో బట్టల మీద కుట్టేవారు. ఆ ఆకుపచ్చ వందేళ్లయినా వెలవదు. బుప్రెస్టిడే కుటుంబమే, కానీ జాబితాలో రాసి మళ్లీ కొట్టేశాను. ఈ ప్రజాతి పిల్ల పురుగులు కర్ర తొలవవు, మట్టిలో తిరుగుతూ వేళ్లు తింటాయి. పిల్లాడికి అది చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. వేరు కూడా కర్రే కదా అని వాడి వాదన. ఆలోచించదగ్గదే.

జూలై 28

కరోనా కాలంలో మిగిలిన శానిటైజర్‌కు ఒక ఉపయోగం దొరికింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తలకిందులుగా వేలాడదీసి, పక్కల్లో కిటికీలు కోసి, మూత దగ్గర సబ్బు నీళ్లు పోసి, మధ్యలో చిన్న సీసాలో ఆల్కహాల్ పెట్టాలి. చెట్టు నీరసించినప్పుడు, చావుకు దగ్గరైనప్పుడు దాని లోపల పులుపు పుట్టి ఆల్కహాల్ వాసన వస్తుంది. కొన్ని పురుగులు ఆ వాసన పట్టుకుని వస్తాయి. మామిడి తోటలో ఎనిమిది కట్టాను. ఇదే పనికి నాలుగు రోజుల్లో ఊళ్లో మాట పుట్టింది, మాస్టారు తోటలో సారా సీసాలు వేలాడదీస్తున్నారని. తోట కాపలాదారు మాత్రం నన్ను కొత్త గౌరవంతో చూస్తున్నాడు.

దొరికినవన్నీ రెండు మూడు మిల్లీమీటర్లు. బూతద్దం కింద పెడితే గోధుమ రంగు సిలిండర్లు. అంబ్రోసియా పురుగులు. వీటి కథ కోసం ఇవాళ్టి పేజీ అంతా ఇచ్చినా తప్పులేదు. ఇవి కర్రను తొలుస్తాయి గానీ తినవు. తల్లి తన శరీరంలోని చిన్న సంచిలో బూజు విత్తనాలు మోసుకొస్తుంది. సొరంగం తవ్వి గోడలకు ఆ బూజును నాటుతుంది. పిల్లలు ఆ పంటను తిని పెరుగుతాయి. అంటే కర్ర వీటికి పొలం, అన్నం కాదు. గోడలు నల్లబడి ఉంటే లోపల సేద్యం జరిగిందని అర్థం. కొన్ని జాతుల్లో మగవాటికి ఎగరడమే రాదు, గూట్లోనే పుట్టి అక్కడే పోతాయి. ఉచ్చులో పడ్డవన్నీ ఆడవే కావడానికి కారణం అదే కాబోలు.

పంట బూజుది కాబట్టి చెట్టు ఏదైనా వీటిలో చాలావాటికి పట్టింపు తక్కువ. మామిడైనా ఒకటే, పనసైనా ఒకటే. ఎర్విన్ లెక్కకు ఇవి పనికిరావు. బెరడు కింద పచ్చి పొర తినేవి మాత్రం చెట్టును ఎంచుకుంటాయి. నా బకెట్లలో ఏది ఏ పక్షమో విడగొట్టాలి.

ఆగస్టు 11

కలప అడితి. యజమాని మంచివాడు, దుంగల మధ్య తిరగనిచ్చాడు. ఒక టేకు దుంగ చివర అండాకారపు రంధ్రాలు, లోపల పొడిని దట్టించిన పొరలు. రంధ్రం బల్లపరుపుగా ఉంటే బుప్రెస్టిడే, గుండ్రంగా గానీ నిండు అండాకారంలో గానీ ఉంటే పొడవు మీసాలది, సూది గుచ్చినట్టుంటే అంబ్రోసియా. ఇంతవరకు గర్వంగా చదివాను. అంతలో ఒక ఎర్రటి పురుగు నా కళ్ల ముందే బయటికి వచ్చింది. నా దగ్గర లేని రకం! డబ్బాలో వేసి, "ఈ దుంగ ఎక్కడిదండీ?" అన్నాను.

"ఓడలో వచ్చింది. బయటి దేశం సరుకు."

ఏ దేశమో ఆయనకు తెలియదు. సరుకు మూడు చేతులు మారింది. పురుగుకు చిరునామా లేదు. మా ఊరి జాబితాలో రాస్తే అబద్ధం, పారేస్తే మనసొప్పదు. వేరే పెట్టెలో పెట్టి 'పరదేశి' అని రాశాను. పురుగులు దేశాలు దాటేది ఇలాగే. అందుకే ఎగుమతుల చెక్క పెట్టెల మీద గోధుమ కంకి ముద్ర ఉంటుంది. చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి అరగంట తగిలిందని దాని అర్థం కావచ్చు, లేదా మందు పొగ పెట్టారని. ముద్ర నియమం పెట్టెలకే, దుంగలకు వేరే పద్ధతులు.

సెప్టెంబరు 1

జీడిమామిడి తోట. ఆకులు పసుపెక్కి ఎండిపోయిన చెట్టును రైతు పడగొడుతున్నాడని కబురు వస్తే పరుగెత్తాను. మొదలు దగ్గర జిగురు, ఎర్రటి పొట్టు కారి ఉన్నాయి. గొడ్డలితో బెరడు లేపితే వేలెడంత తెల్ల పురుగులు. ఇంకాస్త లోతున, కోడిగుడ్డును పొడవుగా సాగదీసినట్టు, సున్నంతో చేసిన గూళ్లు! నియోప్లొకెడెరస్ ఫెర్రుజినియస్. పిల్ల పురుగు ప్యూపా దశకు ముందు తన శరీరంలోంచే సున్నం వెలువరించి ఈ గూడు కట్టుకుంటుంది. గోటితో నొక్కితే పగల్లేదు. మూడు గూళ్లు తెచ్చాను.

రైతు మళ్లీ అదే అడిగాడు. "లెక్కపెడితే ఏం వస్తుంది మాస్టారూ? చెట్టు పోయింది." నేను చెప్పగలిగింది చెప్పాను. ఎండిన చెట్టును తోటలో వదిలితే పక్క చెట్లకు అదే పుట్టిల్లు. వెంటనే వేళ్లతో సహా తీసేయాలి. మొదట్లోనే పొట్టు కనిపిస్తే బెరడు చెక్కి పురుగును ఏరేయాలి, మూడు అడుగుల ఎత్తు దాకా మొదలును ప్రతి నెలా చూసుకోవాలి. ఆయన విన్నాడు గానీ మందు పేరు చెప్పలేదని నిరుత్సాహపడ్డాడు. ఆ మాట నాతో చాలాదూరం నడిచింది.

సెప్టెంబరు 15

బకెట్ 9, 'తెలియని కట్టె'. నాన్న ఒక పేరు, పెద్దమ్మ గుంపెన అని. మూత తీస్తే కట్టె చివర లేత చిగురు! మేలో కొట్టిన కొమ్మ, చీకట్లో, మూడు నెలలుగా చనిపోలేదు. చిగురు విచ్చుకునే దాకా అరుగు మీద నీళ్లలో పెట్టాను. ఐదో రోజుకు ఆకులు. గుంపెనే. కంచెకు పాతిన గుంపెన గుంజలు చెట్లయిపోవడం నేనూ చిన్నప్పటి నుంచి చూసినదే, అయినా తట్టలేదు. నాన్న రెండు రోజులు బకెట్ల వైపు రాలేదు.

అక్టోబరు 6

పక్కింటివాళ్ల కాగితం పూల కొమ్మలు వాడిపోయి విరిగి పడుతున్నాయట. చూస్తే ఎవరో బాకుతో చుట్టూ గాటు పెట్టినంత శుభ్రంగా ఉంది. స్థెనియాస్ గ్రిసేటర్. తల్లి ముందు కొమ్మ చుట్టూ బెరడునూ కర్రనూ కొరికి, పైభాగానికి నీరు అందకుండా చేసి, ఎండబోతున్న ఆ పైభాగంలో గుడ్లు పెడుతుంది. పక్కింటావిడ ఎదురింటి పిల్లల మీద పెట్టుకున్న అనుమానం పోయింది. ఏడాది మొత్తంలో నా పని వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ పిల్లలకే.

అక్టోబరు 27

చింతపల్లి వైపు స్నేహితుడి కాఫీ తోట. అరబికా. తెల్ల కాండం తొలుచు పురుగు, జైలోట్రెకస్ క్వాడ్రిపెస్, ఎండ తగిలే కాండాల్ని ఎంచుకుంటుంది. నీడ చెట్లు కొట్టిన మూలనే నాలుగు మొక్కలు వాడి ఉన్నాయి. చీరి చూస్తే సొరంగాల నిండా గట్టిగా దట్టించిన పొడి. నల్ల ఒంటి మీద తెల్ల గీతలున్న రెండు పురుగులు దొరికాయి. ఏ మొక్కలోంచి, ఏ ఎత్తులోంచి అన్నీ రాయగలిగిన చీటీలు ఇవి. మామూలు పురుగే, ఐనా వాటిని గుచ్చుతుంటే చేయి వణికింది.

నవంబరు 24

పరీక్ష పేపర్లు దిద్దడం, పురుగులు దిద్దడం కలిపి. పెద్దవాటిని కుడి పెంకులోంచి సూదితో గుచ్చాలి, చిన్నవాటిని త్రికోణపు అట్టముక్క కొనకు అంటించాలి. ముఖం నిట్టనిలువుగా కిందికి దిగితే లామియినే, ముందుకు వాలితే వేరే ఉపకుటుంబం. అక్కడిదాకా ధైర్యంగా వస్తాను. తర్వాత మెట్టు మీద కాలు జారుతుంది. పొడవు మీసాలవి 19 రకాలు వేరు చేశాను. 8 పేర్ల మీద నమ్మకం ఉంది. మిగిలినవి ప్రజాతి దగ్గర ఆపి, ఫొటోలు తెలిసినవాళ్లకు పంపాను. ఒకరు మర్యాదగా రాశారు, ఇందులో నాలుగింటికి పొట్ట కోసి చూస్తే గానీ తేలదని.

19లో కట్టె పేరు రూఢిగా తెలిసినవి 6. ఈ అంకెను ఎర్ర ఇంకుతో రాశాను.

నాన్న పెరట్లోని ఎండిన కొమ్మ బెరడు లేపి చూపించారు. మధ్యలో ఒక నిలువు గీత, దానికి రెండు పక్కలా దువ్వెన పళ్లలా సన్న గీతలు. "ఘుణాక్షర న్యాయం అంటే ఇదేరా" అన్నారు. పురుగు తొలిచిన గీతలు అనుకోకుండా అక్షరాల్లా కుదరడం. పెద్దలు దాన్ని కాకతాళీయానికి ఉపమానం చేశారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. నిలువు గీత తల్లి తవ్వినది, పక్క గీతలు పిల్లలవి, పోనుపోను వెడల్పవుతాయి, ఎందుకంటే పిల్లలు పెరుగుతున్నాయి. ఏ జాతి గీసే బొమ్మ దానిదే. చదవడం వస్తే అవి సంతకాలు.

జనవరి 19, 2025

అమ్మాయి మంచం రాత్రిళ్లు నములుతోందని చెప్పింది. కలగన్నావన్నాను. పదకొండింటికి వెళ్లి కోడుకు చెవి ఆనించాను. కర, కర, ఆగి మళ్లీ కర. నాన్నను లేపాను. ఆయన చెవికి నాకంటే బాగా వినిపిస్తుంది. "తలవైపు కుడి కోడు. మూరెడు ఎత్తున" అన్నారు. బయట రంధ్రం లేదు, పొడి లేదు. పొడిని బయటికి తోయకుండా లోపలే దట్టించుకుంటూ పోయే రకం. కోడుకు నైలాన్ జల్లెడ గుడ్డ చుట్టి దారంతో కట్టాను. కోడు మార్చేద్దామని మా ఆవిడ, వద్దని అమ్మాయి. నెగ్గింది అమ్మాయి.

మార్చి 30

చప్పుడు ఆగింది. పోయిందా, నిద్రపోతోందా?

జూన్ 22

గుడ్డలో గోధుమ రంగు పురుగు, మీసాలు ఒంటిని దాటాయి. కోడులో చిటికెన వేలి గోరంత రంధ్రం, ఇవాళ పుట్టినది. స్ట్రొమేషియం బార్బేటం. పచ్చి చెట్టు జోలికి రాదు, ఎండిన కలపే దానికి కావాలి. వందల రకాల కర్రల్లో దొరికింది, కాబట్టి అరుదైనదేమీ కాదు. లోపల ఏళ్ల తరబడి ఉండగలదు.

చీటీ రాస్తుంటే కట్టె గడి దగ్గర నాన్న ఆపారు. "మామిడి అని ఊరికే రాయకు. మన పెరటి మామిడి. హుద్‌హుద్‌లో పడింది." 2014 అక్టోబరు 12. ఆ మధ్యాహ్నం చెట్టు పడిన చప్పుడు నాకూ గుర్తుంది. ఆ దుంగను ఆర్నెల్లు నీడన ఎండబెట్టి, మొదలు భాగంలోంచి కోళ్లు చెక్కారట. చేవ చాలక ఈ కోడుకు ఒక పక్క తెల్ల చెక్క వచ్చిందని, అప్పుడే అనుమానించానని ఇవాళ ఒప్పుకున్నారు. గూట్లోంచి బయటికొచ్చిన పురుగును అరచేతిలో పెట్టుకుని, "నా పని తిన్నావు కదరా" అన్నారు. అది కీచుమంది.

చీటీ వెడల్పు 18 మిల్లీమీటర్లు. చెట్టు, పడిన రోజు, కోసిన చోటు, చెక్కినవారు, తెల్ల చెక్క ఏ పక్క, చప్పుడు మొదలైన రాత్రి, ఆగిన నెల. ఒకే సూదికి నాలుగు చీటీలు గుచ్చాల్సి వచ్చింది. పెట్టెలో ఉన్న వాటన్నిటిలోకీ ఇదే బరువైనది.

"మిగిలిన మూడు కోళ్లూ ఆ చెట్టువే" అన్నారు నాన్న.

గుడ్డ ఇంకా రెండు గజాలుంది. సాయంత్రానికి మూడింటికీ చుట్టేశాను. అమ్మాయి తలగడ అటు మార్చుకుంది, బాగా వినబడుతుందని.